వీలునామా, ట్రస్టు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తేడా కొడుతుంది

మా పెదనాన్న పోయిన నెలకి బీరువా సర్దుతుంటే ఇన్సూరెన్స్ కాగితాల కింద వీలునామా జిరాక్సు దొరికింది. సంతకం ఉంది, ఇద్దరు సాక్షుల పేర్లున్నాయి, ఒరిజినల్ ఎక్కడుందో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దమ్మ ఎనిమిది నెలలు వెతికింది. అప్పటి నుంచి ఎవరైనా వీలునామా రాశామంటే నేను ముందు అడిగేది ఒకటే, ఒరిజినల్ ఎక్కడుందో ఇంకెవరికైనా చెప్పారా అని.

సరే, మొదటి నుంచి వద్దాం. లాయరు దగ్గరికి వెళ్లేముందు ఒక పూట కూర్చుని లిస్టు రాయండి. ఇల్లు, స్థలం, బ్యాంకు ఖాతాలు, షేర్లు, ఇన్సూరెన్స్, నగలు, ఇచ్చిన అప్పులు, తీర్చాల్సిన అప్పులు కూడా. ఒక్కోదాని పక్కన అది ఎవరి పేరు మీద ఉందో, నామినీ ఎవరో రాయండి. ఈ నామినీ దగ్గరే చాలామంది ఉలిక్కిపడతారు, ఎందుకంటే పెళ్లికి ముందెప్పుడో తెరిచిన ఖాతాలో ఇప్పుడు లేని మనిషి పేరు అలాగే ఉండిపోతుంది. పైగా నామినీ అనే మాటకి అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. అమెరికాలో రిటైర్మెంట్ ఖాతాలో ఎవరి పేరు రాశారో డబ్బు సాధారణంగా నేరుగా వాళ్లకే వెళ్తుంది, వీలునామాలో వేరే పేరు ఉన్నా సరే. ఇండియాలో బ్యాంకు డిపాజిట్ నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదు, హక్కు వారసులది. షేర్ల సంగతిలోనూ అంతేనని సుప్రీంకోర్టు 2023లో తేల్చి చెప్పింది. మీ ఆస్తి ఎక్కడుందో అక్కడి చట్టం ఏమంటుందో ముందు కనుక్కోండి.

ఇంకోటి, మన ఆస్తి మన ఇష్టం అన్నది కూడా అన్నిచోట్లా నడవదు. ఫ్రాన్స్‌లో ఒక్క సంతానం ఉంటే ఆస్తిలో సగం, ఇద్దరుంటే మూడింట రెండు వంతులు, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే నాలుగింట మూడు వంతులు పిల్లలకి దక్కాల్సిందే, మిగిలిందే మన చేతిలో ఉంటుంది.

వీలునామాలో ఎవరికి ఏది అన్నది అందరూ రాస్తారు. మర్చిపోయేది ఏమిటంటే, రాయని మిగతా ఆస్తంతా ఎవరికి చెందాలి, వాళ్లు మనకన్నా ముందే పోతే తర్వాత ఎవరికి అన్న రెండు వాక్యాలు. అవి లేకపోతే రేపు కొత్తగా కొన్న స్థలం ఎవరికీ రాయనట్టే మిగిలిపోతుంది. అమలు చేసే ఎగ్జిక్యూటర్ పేరు, ఆయన కుదరదంటే ఇంకో పేరు, చిన్నపిల్లలుంటే గార్డియన్ పేరు రాయండి, రాసేముందు వాళ్లని అడగండి.

సాక్షులు ఇండియాలోనూ ఇంగ్లాండ్‌లోనూ కనీసం ఇద్దరుండాలి. ఫ్రాన్స్, జర్మనీల్లో మొత్తం సొంత చేతిరాతతో రాసి సంతకం పెడితే సాక్షులు లేకపోయినా చెల్లుతుంది. ఇంగ్లాండ్‌లో 1837 చట్టం ప్రకారం ఆస్తి పొందేవాళ్లు గానీ, వాళ్ల భార్య లేదా భర్త గానీ సాక్షి సంతకం పెడితే వీలునామా నిలబడుతుంది కానీ ఆ వాటా మాత్రం పోతుంది. మీరెక్కడున్నా సరే, పైసా రానివాళ్లని, మీకన్నా వయసులో చిన్నవాళ్లని సాక్షులుగా పెట్టుకోండి.

ఇక ట్రస్టు, అంటే ఆస్తిని మీవాళ్ల కోసం చూసుకోమని ఒక మనిషికి (ట్రస్టీకి) అప్పగించే ఏర్పాటు. అందరికీ అక్కర్లేదని నా అభిప్రాయం. పిల్లలు మరీ చిన్నవాళ్లయినా, డబ్బు సొంతంగా చూసుకోలేని బిడ్డ ఉన్నా అప్పుడు దీనికి మించింది లేదు. ఆస్తి ట్రస్టీ పేరు మీద ఉంటుంది, మీరు రాసిన షరతుల ప్రకారం పిల్లల కోసం వాడతారు: చదువుకి ఇంత, ఇరవై అయిదో ఏట సగం, ముప్ఫైలో మిగతాది, ఇలా. మీరు పోయాకే మొదలయ్యేలా వీలునామాలోనే రాయొచ్చు, బతికుండగానే వేరే దస్తావేజుతో పెట్టొచ్చు. ఈ రెండో రకంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు: దస్తావేజు మీద సంతకాలవుతాయి, ఫీజు కట్టేస్తారు, ఇల్లూ ఖాతాలూ మాత్రం ట్రస్టులోకి మార్చరు. మార్చని ఆస్తికి ఆ ట్రస్టుతో సంబంధమే లేదు. అందుకే మీ లిస్టు పట్టుకుని ఒక్కొక్కటీ మార్పించి టిక్కు పెట్టుకోండి. పిల్లల్ని పెంచే మనిషి, డబ్బు చూసే మనిషి వేరువేరుగా ఉంటేనే మంచిదంటాను, ఎందుకంటే పెంచేవాళ్ల మీద అనుమానం రాకుండా ఉంటుంది, ఖర్చుల లెక్క చూసే రెండో కన్నూ ఉంటుంది.

దాచే చోటు గురించి మళ్లీ చెప్తున్నాను. గాయని అరెథా ఫ్రాంక్లిన్ 2018లో చనిపోయినప్పుడు వీలునామా లేదనే అనుకున్నారు. మరుసటి ఏడాది ఆవిడ ఇంట్లో చేతిరాత కాగితాలు బయటపడ్డాయి, 2014లో రాసినవైతే సోఫా కుషన్ల కింద నోట్‌బుక్‌లో ఉన్నాయి. అవే చెల్లుతాయని జ్యూరీ తేల్చేసరికి 2023 వచ్చింది, అప్పటిదాకా కొడుకులు కోర్టులో ఎదురెదురుగా నిలబడ్డారు. ఒరిజినల్ లాయరు దగ్గరో, రిజిస్ట్రీలోనో, లాకర్‌లోనో పెట్టండి. లాకరైతే మీరు లేకుండా ఎవరు తెరవగలరో కూడా చూసుకోండి.

పెళ్లి, విడాకులు, పుట్టుక, చావు, ఆస్తి కొనడం అమ్మడం, వీటిలో ఏది జరిగినా తీసి చదవండి. ఇంగ్లాండ్‌లో పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా సాధారణంగా రద్దయిపోతుంది. మార్చాల్సి వస్తే పాతదాని మీద కొట్టివేతలు పెట్టొద్దు, కొత్తది రాసి పాతవి రద్దని అందులోనే చెప్పండి. ఫోన్ లాక్, పాస్‌వర్డ్‌లు మాత్రం వీలునామాలో వద్దు, చాలా దేశాల్లో అది కోర్టుకెళ్లాక ఎవరైనా చూడొచ్చు. వాటిని విడిగా కవర్లో పెట్టి, ఆ కవర్ ఎక్కడుందో ఎగ్జిక్యూటర్‌కి చెప్పండి.