పాత వెండి చెంచాలను ఎవరు తయారు చేశారో ముద్రలు చూసి తెలుసుకోవడం ఎలా?

చెంచా వెనక రెండు పొడి అక్షరాలు కనబడగానే చాలామంది నేరుగా వాటినే నెట్‌లో వెతుకుతారు. అలా తేలడం కష్టం. ఒకే పొడి అక్షరాలున్న పనివాళ్లు చాలామంది ఉన్నారు. ముందు ముద్ర వేసిన ఊరు, ఏడాది తేల్చుకోవాలి. తయారీదారు పేరు చివర్లో వస్తుంది. ఎక్కువగా దొరికే బ్రిటన్ వెండితో మొదలుపెడదాం.

1. చెంచా, ఫోర్కులకు కాడ వెనక చూడండి. 1780ల దాకా ముద్రలు ఎక్కువగా చెంచా గుంటకు దగ్గర్లో ఉండేవి, తర్వాత కాడ కొస వైపు జరిగాయి. కత్తి పిడి బోలుగా ఉండి లోపల జిగురులాంటిది నింపి ఉండొచ్చు, వేడినీళ్లలో నానబెట్టకండి.

2. మెత్తని గుడ్డతో తుడిచి, పక్క నుంచి వెలుగు పడేలా పెట్టి భూతద్దంతో చూడండి. తళతళలాడేలా రుద్దాలనిపిస్తుంది, వద్దు. ముద్ర గుంటల్లో మిగిలిన నలుపు వల్లే అక్షరం చదవగలుగుతాం.

3. అసలు వెండేనా? ఈపీఎన్‌ఎస్ అని ఉంటే నికెల్ మిశ్రమం మీద వెండి పూత. ఈ నాలుగు అక్షరాలనూ విడివిడి గడుల్లో కొట్టి హాల్‌మార్క్‌లా కనిపించేలా చేసేవారు, చాలామంది మోసపోయేది ఇక్కడే. నడిచే సింహం ఉంటే 92.5 శాతం వెండి.

4. ఇప్పుడు ఊరు. చిరుత తల లండన్, లంగరు బర్మింగ్‌హామ్, కిరీటం షెఫీల్డ్ (1975 నుంచి గులాబీ), కోట ఎడిన్‌బరో. పక్కన ఒంటరిగా ఉన్న అక్షరం ఏడాదిని చెబుతుంది. వరస అయిపోగానే మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి అక్షరం ఒక్కటే చాలదు, దాని రాత తీరు, చుట్టూ ఉన్న గడి ఆకారం కూడా ఆ ఊరి ఏడాది అక్షరాల పట్టికతో కలవాలి. రాజు లేదా రాణి తల ఉంటే పని తేలిక: అది సాధారణంగా పన్ను కట్టినట్టు గుర్తు, ఆ పన్ను గుర్తును 1784 నుంచి 1890 వరకే వాడారు.

5. ఇక పొడి అక్షరాలు. మధ్యలో చుక్క ఉందా, గడి మూలలు గుండ్రమా, రాత అచ్చులా ఉందా, చేతిరాతలా ఉందా చూడండి. వెండి వస్తువుల తయారీదారు హెస్టర్ బేట్‌మన్ 1761లో లండన్‌లో నమోదు చేయించిన ‘హెచ్‌బీ’ చేతిరాత తరహాలో ఉంటుంది. అచ్చు అక్షరాల్లో ఉన్న హెచ్‌బీ కనబడితే ఆమెదే అనేసుకోకండి. రెండు జతల అక్షరాలుంటే సాధారణంగా భాగస్తులు. ఈ ముద్ర నమోదు చేసుకున్నవారిదే తప్ప, సుత్తి పట్టినవారిదే కానక్కర్లేదు.

సింహం లేకపోతే వేరే దేశం కావచ్చు. ఫ్రాన్స్‌లో 1838 నుంచి మినర్వా దేవత తల వాడారు, తయారీదారు ముద్ర డైమండ్ ఆకారపు గడిలో ఉంటుంది. నెలవంక, కిరీటం, పక్కన 800 (అంటే 80 శాతం వెండి) ఉంటే జర్మనీ.