ముఖం గీయకపోయినా గుర్తుపట్టేశారు

పేరు బయటపడకూడని ఆడవాళ్ల బొమ్మ వేయాలంటే చాలామంది ముఖం ఖాళీగా వదిలేస్తారు, లేదా వెనక నుంచి గీస్తారు. నేనూ అదే చేశాను. నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఒకక్క, ఒళ్లో చాట, పక్కన తునికాకు, తల వంచుకుని కూర్చుంది. ముఖం గీయనే లేదు. ఇంట్లో తన్నులు తింటున్న సంగతి ఆవిడ చెబితే బొమ్మ కింద రాశాను. వారం తిరక్కుండానే ఆడపడుచు పోల్చుకుంది. ముంజేతి మీద పచ్చబొట్టుని నేనే ముచ్చటపడి చుక్క చుక్కా దిద్దాను మరి.

అందుకే ఇప్పుడు పెన్సిల్ పట్టకముందే అడుగుతున్నా, "ఎవరి కంట పడొద్దక్కా?" అని. "ఊరోళ్లు చూస్తే ఏం గాదు, మా మరిదికి తెల్వొద్దు" అందొకామె. మరిది రోజూ చూసేవన్నీ మార్చాలన్నమాట: పచ్చబొట్టు, ముక్కుపుడక, ఇంటి తలుపు రంగు, పండక్కి కొన్న చీర. పుస్తెలు మరీ జాగ్రత్త, వాటి ఆకారాన్ని బట్టి కులం కూడా చెప్పేస్తారు. నేనైతే కొంగు చాటున దాచేస్తాను.

ముఖం సంగతి. నున్నగా కోడిగుడ్డులా వదిలేస్తే మనిషి బట్టల షాపు బొమ్మలా తయారవుతుంది, నాకస్సలు నచ్చదు. వేరే ముఖం పెట్టండి. ఫోటో పక్కన పడేసి, కొన్నాళ్లాగి గుర్తున్నంతవరకే గీయండి, తర్వాత ముక్కు, దవడ, కనుబొమల మధ్య దూరం కావాలనే మార్చండి. అలా అని ఇంకో నిజమైన మనిషి ముఖం తెచ్చి అతికించకండి, ఈసారి ఆవిడకి తంటా. చిత్రకారుడు తోట వైకుంఠం గారు వేసిన తెలంగాణ ఆడవాళ్లని చూడండి, ఆ పెద్ద బొట్టు, ముదురు రంగుల చీరలు, ఎవరినీ ఫలానా ఆవిడ అనలేం. కానీ మనం ఒక మనిషి కథ చెబుతున్నాం కాబట్టి ఆవిడవి కొన్ని మిగలాలి. కత్తెర పట్టిన తీరు, చాట మీదకి వంగి వంగి బిగుసుకుపోయిన మెడ, ఇలాంటివి ఉంచుతాను. ఆ పని చేసేవాళ్లందరిలో కనిపించేవే గనక ప్రమాదం తక్కువ.

ఫోన్, ట్యాబ్ దగ్గర కూడా దొరికిపోతాం. లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫోటోలో ఆ చోటు నమోదవుతుంది, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. ట్యాబ్‌లో బొమ్మలేసే ప్రొక్రియేట్ యాప్‌లో టైమ్‌లాప్స్ (గీస్తున్నదంతా వీడియోగా దాచేది) ఆపకపోతే మొదట గీసిన అసలు ముఖం అందులో ఉంటుంది, లేయర్లు, అంటే పొరలు పొరలుగా గీసినవి, విడివిడిగా ఉన్న ఫైల్ ఇచ్చినా అంతే. లేయర్లన్నీ కలిపేసి జేపీజీ మాత్రమే పంపండి. బొమ్మ కింద ఊరు, వయసు, పిల్లలెంతమంది, మూడూ రాశారంటే అడ్రస్ ఇచ్చినట్టే.

అత్యాచార బాధితురాలైతే ఇది మన ఇష్టాయిష్టాల మాట కాదు. గుర్తింపు తెలిసే వివరం ఏది బయటపెట్టినా భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, జరిమానా.

పోస్ట్ చేసేముందు బొమ్మ ఆవిడకి చూపించండి, కింద రాసింది చదివి వినిపించండి. నేను ఒక రాత్రి ఆగి పొద్దున మళ్లీ అడుగుతాను. వద్దంటే తీసేయండి, ఎందుకని అడక్కండి.