సరిచేసిన బగ్ మీదే మళ్లీ మళ్లీ రిపోర్టులు వస్తుంటే

సమస్య: బగ్ సరిచేశారు, కోడ్ ఉంచే సైటు గిట్‌హబ్‌లో దాని ఇష్యూ (బగ్ గురించి రాసిన రిపోర్టు) మూసేశారు. వారం తిరక్కుండానే అదే బగ్ మీద మూడు, నాలుగు కొత్త ఇష్యూలు. డూప్లికేట్ (ముందే వచ్చిన రిపోర్టు) అని లేబుల్ పెట్టి మూస్తుంటే, రాసినవాళ్లు "నా దగ్గర ఇంకా అలాగే ఉంది" అంటూ తిరిగి వస్తున్నారు.

దయచేసి ముందు వాళ్ల వెర్షన్ నంబరు చూడండి. ఇది చూడకుండా రోజంతా కోడ్ తవ్వినవాళ్లు ఎంతమందో. ఇష్యూ ఫారంలో వెర్షన్ గడిని తప్పనిసరి చేస్తే అడిగే పనే ఉండదు.

కారణం: వెర్షన్ పాతదైతే దాదాపు ఎప్పుడూ ఇదే, నన్ను బాగా ఏడిపించిందీ ఇదే. పుల్ రిక్వెస్ట్ (మన మార్పును కోడ్‌లో కలపమని పెట్టే అభ్యర్థన) వివరణలో "ఫిక్సెస్" అని ఇష్యూ నంబరు రాస్తాం కదా, అది డిఫాల్ట్ బ్రాంచిలో, అంటే ప్రాజెక్టు ప్రధాన కోడ్‌లో, మెర్జ్ కాగానే (కలవగానే) గిట్‌హబ్ ఆ ఇష్యూను తనంతట తానే మూసేస్తుంది. కానీ రిలీజ్ (వాడేవాళ్లకు ఇచ్చే కొత్త వెర్షన్) ఇంకా రాలేదు, వాడేవాళ్ల చేతిలో ఉన్నది పాత కోడే. పాపం వాళ్లు వెతుకుదామనే ఇష్యూల పేజీ తెరుస్తారు, అక్కడ మామూలుగా కనిపించేవి మూయనివి మాత్రమే, అందుకని కొత్తది రాస్తారు. మనమేమో వెతక్కుండా రాశారని విసుక్కుంటాం. ఒకసారి నేను ఒకాయనకు కటువుగా జవాబిచ్చాక చూస్తే, ఆ సవరణ ఉన్న రిలీజే మేం ఇవ్వలేదు. ఆయన మళ్లీ ఏ రిపోర్టూ రాయలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. రిలీజ్ ఇచ్చినా వెంటనే అందరికీ చేరదు: ఆండ్రాయిడ్ యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్‌లోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది, లైనక్స్‌లో డెబియన్ స్టేబుల్ వాడేవాళ్లు నెలల తరబడి పాత వెర్షన్‌లోనే ఉంటారు.

పరిష్కారం: "ఫిక్సెస్" బదులు "రెఫ్స్" అని రాయండి, లింకు పడుతుంది కానీ ఇష్యూ మూసుకోదు. మెర్జ్ అయ్యాక "రిలీజ్ కావాలి" అని ఒక లేబుల్ పెట్టి అలాగే ఉంచండి. రిలీజ్ రోజున ఆ లేబుల్ ఉన్నవన్నీ తీసి, ఏ వెర్షన్‌లో సరైందో ఒక్కోదాంట్లో రాసి, అప్పుడు మూయండి. చాలామందికి తగిలిన బగ్ అయితే పేజీ పైన పిన్ చేయండి, మూడింటి వరకు చేయొచ్చు.

వెర్షన్ కొత్తదే అయినా బగ్ వస్తోందంటే డూప్లికేట్ లేబుల్ జోలికి పోకండి, లక్షణం ఒకటే అయినా బగ్ వేరే అయ్యుంటుంది. పాత ఇష్యూలను తనంతట తానే మూసే బాట్ (ప్రోగ్రాం) వల్ల కూడా ఇలా జరగొచ్చు, అరుదు. ఆ బాట్ ఆపేస్తే సరి.