యాప్‌లో బ్లూటూత్ కలిపే ముందు ఇవి చూసుకోండి

పెయిరింగ్ (రెండు పరికరాలను జత చేయడం): కోడ్ ఏదీ అడగకుండా జత చేసే ‘జస్ట్ వర్క్స్’ పద్ధతి మధ్యలో దూరేవాళ్లను ఆపదు. తాళాలు, ఆరోగ్య పరికరాలకు దాన్నే నమ్ముకోవద్దు. పరికరాలు జనం చేతికి వెళ్లాక పెయిరింగ్ పద్ధతిని మార్చడం చాలా కష్టం.

పర్మిషన్లు: ఆండ్రాయిడ్ 12ను లేదా ఆపై వెర్షన్‌ను టార్గెట్ చేస్తే స్కాన్, కనెక్ట్ పర్మిషన్లు యాప్ నడుస్తుండగా అడగాలి. ఐఫోన్‌లో బ్లూటూత్ ఎందుకో చెప్పే వాక్యం యాప్ వివరాలుండే ఇన్ఫో.ప్లిస్ట్ ఫైల్‌లో లేకపోతే యాప్ క్రాష్ అవుతుంది.

ఆండ్రాయిడ్‌లో రీడ్ (పరికరం నుంచి డేటా చదవడం), రైట్ (పరికరానికి డేటా పంపడం) ఒకదాని జవాబు వచ్చాకే మరొకటి పంపండి. తొందరపడితే రెండోది వెళ్లదు. ఫంక్షన్ నుంచి వెనక్కొచ్చే ‘ఫాల్స్’ లేదా ఎర్రర్ కోడ్ చూడకపోతే ఆ సంగతే తెలీదు. వీటిని వరుసగా ఒక్కోటే పంపే సొంత క్యూ రాసుకోవడమే మేలు.

ఎమ్‌టీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు) పెంచకపోతే ఒక్కో రైట్‌లో 20 బైట్లే.

30 సెకన్లలో 5 సార్లకు మించి స్కాన్ మొదలుపెడితే ఆండ్రాయిడ్ ఫలితాలివ్వదు.

డేటా వెళ్తుండగా ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి నడవండి, తిరిగి రండి. యాప్ తనంతట తాను మళ్లీ కనెక్ట్ అవ్వాలి.