ఏడాది నిండిన బిడ్డకు బువ్వ పెట్టడం: ముద్దలు, మరకలు, నవ్వులు

ఏడాది దాటగానే దాదాపు ప్రతి ఇంట్లో వినబడే మాట ఇది: ‘మొన్నటిదాకా బాగానే తినేది, ఇప్పుడు నోరే తెరవడం లేదు.’ వంటలో లోపమేమీ లేదు. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాదికల్లా 9 కిలోలకు వస్తుంది. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది 2 నుంచి 2.5 కిలోలే. పెరిగే వేగం తగ్గాక ఆకలి మునుపటిలా ఉండదు. పైగా కొత్తగా నడక వచ్చింది, తలుపు చాటుకు వెళ్ళడం వచ్చింది, ‘వద్దు’ అనడం వచ్చింది. ఇన్ని పనులున్న మనిషి కంచం ముందు కుదురుగా కూర్చోదు కదా!

అందుకే ముందు పనులు పంచుకోండి. ఏం పెట్టాలో, ఏ వేళకు పెట్టాలో అమ్మ ఇష్టం. ఎంత తినాలో బిడ్డ ఇష్టం. ఈ ఒక్కటి ఇంట్లో అందరూ ఒప్పుకుంటే సగం గొడవ పోతుంది. ‘ఆఖరి ముద్దలోనే బలమంతా ఉంది’ అని నానమ్మ ప్రేమతోనే అంటారు. కానీ కడుపు నిండాక కూరిన ఆ ముద్దే కక్కిస్తుంది, మర్నాడు కంచం చూడగానే మొహం తిప్పుకునేలా చేస్తుంది.

వేళలు, కొలతలు

రోజుకు మూడు నాలుగు సార్లు భోజనం, మధ్యలో ఒకటి రెండు సార్లు పండో ఇడ్లీ ముక్కో. రెండిటికీ నడుమ రెండున్నర నుంచి మూడు గంటల ఎడం ఉండాలి. పొద్దున ఎనిమిదిన్నరకు టిఫిను, పదకొండుకు అరటిపండు, ఒంటిగంటన్నరకు అన్నం, నాలుగున్నరకు రాగిజావ, ఏడున్నరకు మళ్ళీ అన్నం అనుకుంటే చాలా ఇళ్ళకు కుదురుతుంది. పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పాతిక వంతు నుంచి గిన్నెడు వరకు ఈ వయసుకు సరిపోతుంది. ఒకరోజు రెండు ముద్దలతో లేచిపోయి, మర్నాడు ఇంకోసారి వడ్డించమనడం మామూలే. తిండిని పూటతో కాకుండా వారంతో లెక్క కట్టండి.

ఆకలిని ఎక్కువగా చంపేది పాలు. ఆవుపాలో గేదెపాలో రోజుకు 400 నుంచి 500 మిల్లీలీటర్లు దాటితే అన్నానికి చోటు ఉండదు. పాలలో ఇనుము చాలా తక్కువ కాబట్టి బిడ్డ బొద్దుగా కనిపిస్తూనే రక్తహీనతలోకి జారుతుంది. సీసా మాన్పించి గ్లాసుతో ఇస్తే పాలు వాటంతటవే తగ్గుతాయి. అమ్మపాలు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చు, అన్నానికి ముందు కాకుండా తర్వాత ఇవ్వండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున ఇచ్చే ఐరన్ సిరప్ ఏఎన్ఎం దగ్గరో ఆశా కార్యకర్త దగ్గరో దొరుకుతుంది, అడిగి తీసుకోండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం 2.5 కిలోల ప్యాకెట్టు మూలన పడేయకండి. అందులో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. గోరువెచ్చని నీళ్ళలో కలిపి జావలా పెట్టవచ్చు.

ముద్ద కలిపే తీరు

విడిగా వంట అక్కర్లేదు. ఇంటి కుక్కర్లోనే చిన్న గిన్నె పెట్టండి. రెండు టేబుల్ స్పూన్ల బియ్యం, ఒక టేబుల్ స్పూను పెసరపప్పు కడిగి, ముప్పాతిక గ్లాసు నీళ్ళు పోయండి. సన్నగా తరిగిన సొరకాయో క్యారెట్టో గుప్పెడు, లేదా తోటకూర నాలుగు ఆకులు వేయండి. పెద్దల అన్నంతో పాటు నాలుగు కూతలు రానిస్తే ఒక పూటకు సరిపడా మెత్తటి అన్నం తయారవుతుంది. దించాక టీస్పూను నెయ్యి, చిటికెడు జీలకర్ర పొడి, రెండు చుక్కల నిమ్మరసం. నిమ్మరసం రుచికే కాదు, ఆకుకూరలోనూ పప్పులోనూ ఉన్న ఇనుము ఒంటికి పట్టేందుకు. అన్నం పక్కన టీ చుక్క కూడా వద్దు, టీ ఆ ఇనుమును పట్టనివ్వదు.

అందరికీ వండిన పప్పే పెట్టాలంటే పచ్చిమిర్చి, చింతపండు, తాలింపు పడకముందే బిడ్డ వాటా తీసి పక్కన పెట్టేయండి. ఉప్పు చాలా కొంచెం. చక్కెర రెండేళ్ళ దాకా అవసరమే లేదు.

చాలామంది చేసే పొరపాటు పప్పుకట్టుతో తడిపిన అన్నం పెట్టడం. పైన తేలిన నీళ్ళలో పప్పు ఉండదు, పొట్ట మాత్రం నిండిపోతుంది. చెంచా పక్కకు వంచితే జారిపోకుండా నిలిచేంత గట్టిగా ఉండాలి. ఇంకో పొరపాటు మిక్సీ. ఏడాది దాటాక కూడా నున్నగా రుబ్బి పెడితే నమలడం రాదు. తర్వాత చిన్న పలుకు తగిలినా ఓకరిస్తుంది. పప్పుగుత్తితో సగం మెదపండి, మిగతా సగం వేళ్ళతో చాలు.

ముద్ద మధ్యవేలు, ఉంగరంవేలు, బొటనవేలు కలిసి చేసే పని. ఉసిరికాయ కంటే చిన్నగా, అంటే బిడ్డ బొటనవేలి మొదటి కణుపంత తీసుకుని, ఒక్కసారి నొక్కి వదలండి. గట్టిగా పిసికితే గోళీ అయిపోతుంది, నమలకుండానే మింగేస్తుంది. వేడి సంగతి ఇక్కడే తెలుస్తుంది. ముద్ద పైన ఆరినా లోపల కాలుతూనే ఉంటుంది. మొదటి ముద్దను రెండుగా విరిచి, విరిచిన వైపు మణికట్టుకు తాకించి చూడండి. నోటితో ఊదొద్దు, వెడల్పు పళ్ళెంలో పరిస్తే రెండు నిమిషాల్లో ఆరిపోతుంది.

‘నేనే’ అన్నప్పుడు

ఏడాది, ఏడాదిన్నర మధ్య చేయి కంచంలోకి వచ్చేస్తుంది. రానివ్వండి. అంచు ఎత్తుగా ఉన్న స్టీలు పళ్ళెం తీసుకుని, కింద తడిగుడ్డ పరవండి, జరగదు. పళ్ళెంలో ఒకేసారి నాలుగైదు ముక్కలకు మించి వద్దు: నెయ్యి రాసిన ఇడ్లీ, మెత్తటి దోసె, ఉడికిన చిలగడదుంప, గుడ్డు. ఎక్కువ వేస్తే తినడం మాని పిసకడం మొదలుపెడుతుంది. మీ గిన్నె మీ దగ్గర వేరే ఉంచుకోండి. తను ఒకటి, మీరు ఒకటి.

చెంచాతో మొదటి పాఠానికి సాంబారన్నం పనికిరాదు. చెంచా నోటి దాకా వచ్చేలోపు తిరగబడుతుంది, ఖాళీ చెంచా చూసి ఏడుస్తుంది. గట్టి పెరుగన్నం, ఉప్మా, రాగి సంకటి చెంచాకు అంటుకుని ఉంటాయి. పెరుగన్నానికి అన్నం వేడిగా ఉండగానే పాలు పోసి మెదిపి, గోరువెచ్చగా అయ్యాక రెండు టేబుల్ స్పూన్ల పెరుగు కలపండి, పులుపెక్కదు. నీళ్ళ గ్లాసులో రెండు గుటకలే పోయండి. ఎలాగూ ఒలుకుతుంది, ఒలికేది రెండు గుటకలే కదా.

కూర్చోబెట్టేది పీట మీదైనా, హైచెయిర్‌లోనైనా పాదాలకు ఆనిక ఉండాలి. కాళ్ళు గాల్లో వేలాడితే నడుము నిలవక అటూ ఇటూ జారుతుంది, తిండి మీద ధ్యాస ఉండదు.

తిండిలోని ఆటలు

అసలు సంబరం ఇక్కడుంది, ఓపికగా చూసేవాళ్ళకే దక్కుతుంది.

ఒకరోజు పాపాయి తన పళ్ళెంలోంచి నలిగిన ఇడ్లీ ముక్క తీసి మీ నోటికి అందిస్తుంది, తనూ ‘ఆఁ’ అని నోరు తెరుస్తూ. ఇన్నాళ్ళూ మీరు చేసిందే చేస్తోంది. ‘చీ’ అనకుండా తీసుకోండి, నిజంగానే నమలండి, ‘ఎంత బాగుందో’ అనండి. తర్వాత ‘ఇప్పుడు నీకు’ అంటే మారుమాట లేకుండా తింటుంది. మూడు మీకు, ఒకటి తనకు చొప్పున సాగినా నష్టం లేదు. చెంచాలు మాత్రం వేరుగా ఉంచండి, పళ్ళు పుచ్చే క్రిములు పెద్దల నోటి నుంచే పిల్లలకు చేరతాయి. బొమ్మకూ తినిపించాలని పట్టుబడితే ఖాళీ చెంచా ఇవ్వండి. బొమ్మ మూతి తుడవడం కూడా తన పనే.

తాత ముద్ద, అమ్మమ్మ ముద్ద, కాకి ముద్ద అని పేర్లు పెట్టడం మన ఇళ్ళలో ఉన్న మంచి పద్ధతి. నోరు మూసుకున్నాక బలవంతానికి కాకుండా, మొదట్లో హుషారుకు వాడండి. ఆరేడు పేర్లు చాలు. కాకి ముద్ద నిజంగానే పిట్టగోడ మీద పెట్టి, కాకి వచ్చి ఎత్తుకెళ్ళేది చూపించండి. మర్నాడు గోడ వైపు చెయ్యి చూపించి ‘కా... కా...’ అని తనే పిలుస్తుంది, తన బువ్వ గుర్తొస్తుంది.

చెంచా కింద పడేయడం పొగరు కాదు. వదిలితే పడుతుందా, చప్పుడవుతుందా, అమ్మ మళ్ళీ తీస్తుందా అని మూడు సంగతులు ఒకేసారి పరీక్షిస్తోంది. మీరు కళ్ళు పెద్దవి చేసి ‘అయ్యో’ అన్నారంటే నాలుగోది కూడా కలిసింది. రెండుసార్లు మాట్లాడకుండా తీసివ్వండి. మూడోసారి పడేస్తే రెండు చేతులూ తిప్పి ‘అయిపోయింది’ అని పళ్ళెం తీసేయండి. వారంలో ఆ సైగ తనే చేస్తుంది, పడేయాల్సిన పని తప్పుతుంది. సాయంత్రం ఓ స్టీలు గిన్నె, నాలుగు బట్టల క్లిప్పులు ఇచ్చి కావలసినంత సేపు పడేయనివ్వండి.

కొత్త కూరను ఒకసారి ఉమ్మిందని మానేయకండి. ఎనిమిది పదిసార్లు, రోజు విడిచి రోజు, చిన్న ముక్క పళ్ళెంలో ఒక మూలన పెట్టి మీరు మీది తినండి. కాకరకాయకు మొహం వికారంగా పెడితే పెట్టనివ్వండి. ఆ మొహం చూసి అందరూ పగలబడి నవ్వితే మాత్రం రేపటి నుంచి నవ్వు కోసమే ఉమ్ముతుంది. ఈ ఒక్క చోట నవ్వు బిగబట్టుకోవాలి, కష్టమే.

బుగ్గన పెట్టుకుని అరగంట కూర్చునే బిడ్డ ముందు తరచుగా ఫోను ఉంటుంది. బొమ్మలు చూస్తూ నోరు తెరుస్తుంది కానీ నమలడం మరిచిపోతుంది, కడుపు నిండిందో లేదో తెలియదు. ఏడాది వయసు పిల్లలకు తెర అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోను తీసేసిన మొదటి మూడు నాలుగు రోజులు సగమే తింటుంది, కంగారు పడొద్దు. ఫోను బదులు చేతి అద్దం ఇవ్వండి. ‘బుగ్గలో ఎవరున్నారు?’ అంటే నోరు తెరిచి తొంగి చూసుకుంటుంది, మింగి మళ్ళీ చూపిస్తుంది. అప్పటికీ కదలకపోతే ముద్ద పొడిగా ఉందేమో చూడండి, కాస్త పెరుగు కలపండి. 20 నిమిషాలు, మహా అయితే అరగంట. ఆపైన ఎత్తేయడమే.

13 నుంచి 19 నెలల మధ్య దవడ పళ్ళు వస్తాయి. చిగుళ్ళు వాచి, పెరుగు, అరటిపండు తప్ప ఏదీ ముట్టదు. వారం ఓపిక పడితే సర్దుకుంటుంది. కానీ 15 నెలలు దాటినా ముక్క మింగలేకపోయినా, మట్టి, సున్నం తింటున్నా, వరుసగా రెండు నెలలు బరువు పెరగకపోయినా పిల్లల డాక్టరుకు చూపించండి.

గొంతుకు అడ్డం పడేవి

వేరుశనగ గుళ్ళు, పుట్నాలు, పచ్చి క్యారెట్టు, పాప్‌కార్న్, జంతికల ముక్కలు, సీతాఫలం గింజలు ఈ వయసుకు ప్రమాదం. వేరుశనగ, నువ్వులు పొడి చేసి అర టీస్పూను అన్నంలో కలపండి. ద్రాక్షను అడ్డంగా కాకుండా నిలువుగా నాలుగు చీలికలు చేయండి. నవ్వుతున్నప్పుడు, పరిగెడుతున్నప్పుడు ముద్ద పెట్టొద్దు. నవ్వు అయ్యాకే ముద్ద.

ఓకరిస్తూ, దగ్గుతూ, మొహం ఎర్రబడితే గొంతు తన పని తను చేసుకుంటోంది, దగ్గనివ్వండి. శబ్దం ఆగిపోయి, ఏడుపు కూడా రాకపోతే అడ్డం పడినట్టే. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టొద్దు, ఇంకా లోపలికి పోతుంది. బిడ్డను ముందుకు వంచి, భుజాల ఎముకల మధ్య అరచేతి మొదలుతో గట్టిగా 5 సార్లు కొట్టండి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద పిడికిలి ఉంచి లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. ముక్క బయటపడేదాకా రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండండి, ఇంకొకరు 108కి ఫోను చేయాలి. ఏడాది లోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు. ఇంట్లో తినిపించే ప్రతివాళ్ళూ దీన్ని ముందే నేర్చుకుని ఉండాలి.

తిన్నాక

మధ్యమధ్యలో మూతి తుడవకండి, ముద్ద ముద్దకీ గుడ్డ మొహం మీదికొస్తే తిండి మీదే చిరాకు పుడుతుంది. కింద పాత దుప్పటి పరిస్తే చివర్లో దులిపేయవచ్చు. నేల మీద పడ్డ మెతుకులను వెంటనే తుడిస్తే అంటుకుపోతాయి, గంట ఆరనిస్తే చీపురుకు వచ్చేస్తాయి. పెరుగు మాత్రం అప్పటికప్పుడే తుడవాలి. గౌనుకు అంటిన పప్పులోని పసుపు సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది, పాడైందని పారేయకండి. ఉతికి ఒక రోజంతా ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. జుట్టులో మెతుకులు స్నానం దాకా ఆగవచ్చు, చెవి వెనక ఒకసారి చూడండి, అక్కడ తప్పకుండా ఒకటి ఉంటుంది.

మీరు నేల తుడుస్తుంటే తనకూ ఓ చిన్న తడిగుడ్డ ఇవ్వండి. పళ్ళెం, పీట, మీ మోకాలు, చివరికి గోడ కూడా తుడిచి, గుడ్డ తెచ్చి మీ చేతిలో పెడుతుంది.