టెన్షన్ ఉద్యోగికి సీక్రెట్ శాంటా గిఫ్టు

డిసెంబర్‌లో, ఎవరిచ్చారో చెప్పకుండా గిఫ్టిచ్చే ఆఫీసు చీటీల్లో మీకు ప్రొడక్షన్ సపోర్ట్ (వాడకంలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆగితే సరిచేసే టీం) వాళ్ల పేరొచ్చిందా? కాఫీ మగ్గు మాత్రం కొనకండి, వాళ్ల డెస్కు మీద ఇప్పటికే మూడుంటాయి. పిసికే బంతి మీరే చేసేయండి. బెలూన్ ఒకసారి ఊది సాగదీసి, మూతికి గరాటు పెట్టి, అరకప్పు మైదా కొంచెం కొంచెంగా పోస్తూ పెన్సిల్ వెనకవైపుతో కూరండి. గాలంతా పిండేసి ముడేశాక పైన ఇంకో బెలూన్ తొడగాలి, లేదంటే సమస్య పైవాళ్లదాకా వెళ్లిందని వచ్చే మొదటి ఎస్కలేషన్ కాల్‌కే పగిలి కీబోర్డంతా పిండే (మా టీంలో అయింది, ఊడ్చే అక్క రెండ్రోజులు నాతో మాట్లాడలేదు). మార్కర్‌తో కోపం మొహం గీయండి, మేనేజర్ పోలికలు రాకుండా చూసుకోండి. పక్కన నిలబెట్టడానికి ఓ అట్టముక్క: ‘సర్వర్ పడింది, నేను టీకి పోయా’.