మైక్ ఆన్ చేయగానే అడుగుల చప్పుడు మాయం: గేమింగ్ హెడ్‌సెట్ సమస్యలు, పరిష్కారాలు

"హెడ్‌సెట్ పోయింది, కొత్తది ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లలో చాలామంది హెడ్‌సెట్ నిక్షేపంగా ఉంటుంది. తప్పిందల్లా ఏదో ఒక సెట్టింగు, లేదంటే పెట్టకూడని చోట పెట్టిన పిన్ను. అది చూసుకోకుండా ఇంకో నాలుగు వేలు పోసినా కొత్త హెడ్‌సెట్‌లోనూ అదే గోల. అందుకే దుకాణం వైపు చూసేముందు పది నిమిషాలు కేటాయించి కింది పరీక్ష చేయండి. దీన్ని దాటేసి నేరుగా డ్రైవర్లు తీసి మళ్లీ వేసేవాళ్లే ఎక్కువ.

ముందు ఈ పరీక్ష

విండోస్‌లో కింద కుడి మూలన ఉన్న స్పీకర్ గుర్తు నొక్కి, సౌండ్ ఏ డివైస్‌కి వెళ్తోందో చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టగానే మానిటర్‌నే స్పీకర్‌గా ఎంచుకునే అలవాటు విండోస్‌కి ఉంది. హెడ్‌సెట్ పేరే కనిపిస్తే గేమ్, డిస్కార్డ్ (ఆడేవాళ్లు మాట్లాడుకునే వాయిస్ చాట్ యాప్), బ్రౌజర్‌లో మీటింగ్ ట్యాబ్‌లు అన్నీ మూసేసి యూట్యూబ్‌లో లెఫ్ట్ రైట్ ఆడియో టెస్ట్ ఒకటి పెట్టి వినండి. తర్వాత డిస్కార్డ్ వాయిస్ ఛానల్‌లోకి వెళ్లి, అదే వీడియో మళ్లీ వినండి.

మొదటిసారి బాగుండి రెండోసారి చెడిపోతే సమస్య బ్లూటూత్‌ది. దాని సంగతే ముందు చెప్తాను, ఎక్కువమంది బోల్తా పడేది అక్కడే. రెండుసార్లూ చెడ్డగా ఉంటే మోనో (రెండు చెవులకీ ఒకటే సౌండ్) సెట్టింగో, పిన్నో, కేబులో. రెండుసార్లూ బాగుంటే హెడ్‌సెట్‌ని తిట్టడం ఆపి గేమ్ సెట్టింగులు చూడాలి.

లక్షణం: పాటలు బ్రహ్మాండం, వాయిస్ చాట్ మొదలవగానే అంతా పాత ఫోన్ కాల్‌లా

బ్లూటూత్ హెడ్‌సెట్‌కి సౌండ్ వెళ్లే దారులు రెండు. పాటలు, సినిమాలు వచ్చేది ఏ2డీపీ అనే దారిలో. స్టీరియో (ఏ చెవి సౌండ్ దానికి వేరు), మంచి నాణ్యత, కానీ ఒకవైపు ప్రయాణమే. మీ గొంతు వెనక్కి పంపే వీలు అందులో లేదు. మైక్ కావాలనగానే కంప్యూటర్ గానీ ఫోన్ గానీ హ్యాండ్స్‌ఫ్రీ అనే రెండో దారికి మారిపోతుంది. అది ఫోన్ కాల్స్ కోసం పుట్టింది. అందులో శాంపిల్ రేటు (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 8 కిలోహెర్ట్జ్, కాస్త కొత్త పరికరాల్లో 16. అన్నిటికంటే ముఖ్యం, అది మోనో. రెండు చెవులకీ ఒకటే సౌండ్.

గేమ్‌లో దీని దెబ్బ ఎక్కడ పడుతుందంటే: శబ్దం ఎడమనుంచా కుడినుంచా అన్నది మనకు తెలిసేది రెండు చెవులకీ చేరే సమయంలో, గట్టితనంలో ఉండే తేడా వల్ల. ఆ సమయం తేడా ఎక్కువలో ఎక్కువ 0.7 మిల్లీసెకను లోపే. మోనో చేయగానే అది సున్నా. ముందా వెనకా, పైనా కిందా అన్నది చెప్పేవి ఎక్కువగా 5 కిలోహెర్ట్జ్ పైన ఉండే సన్నటి శబ్దాలు. 8 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో దానిలో సగం, అంటే 4 కిలోహెర్ట్జ్ పైన ఏదీ మిగలదు. అంటే వాలరెంట్‌లో గోడ వెనక అడుగులు, బీజీఎంఐలో పై అంతస్తు అడుగులు ఒకే చోటి నుంచి వచ్చినట్టు ఉంటాయి. ఎంత ఖరీదైన హెడ్‌సెట్ అయినా ఇక్కడ చేయగలిగింది లేదు.

మోసం చేసేది ఏంటంటే, మీరు మాట్లాడకపోయినా ఇది జరుగుతుంది. మాటలకు బటన్ నొక్కాలని పెట్టుకున్నా, డిస్కార్డ్‌లో మ్యూట్‌లో ఉన్నా, ఏదో ఒక యాప్ మైక్‌ని తెరిచి పట్టుకుంటే చాలు, దారి మారిపోతుంది. "నేను మైక్ వాడను, నాకు అది కాదు" అనేవాళ్ల కంప్యూటర్‌లో గేమ్ తాలూకు వాయిస్ చాట్ వెనకాల తెరిచే ఉంటుంది.

నిర్ధారణ తేలిక. విండోస్ 11లో మైక్ వాడకంలో ఉంటే టాస్క్‌బార్ కుడివైపు చిన్న మైక్ గుర్తు వస్తుంది, దాని మీద మౌస్ పెడితే ఏ యాప్ వాడుతోందో పేరు చెప్తుంది. ఆండ్రాయిడ్‌లో అయితే గేమ్‌లో మైక్ ఆన్ చేసి వాల్యూమ్ బటన్ నొక్కండి. మామూలు మ్యూజిక్ నోట్ గుర్తు బదులు ఫోన్ రిసీవర్ గుర్తు కనిపించిందా, మీరు కాల్ దారిలో ఉన్నట్టే.

పరిష్కారం ఒక్కటే సూత్రం: బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్‌ని ఎవరూ ముట్టుకోకూడదు.

1. డిస్కార్డ్‌లో యూజర్ సెట్టింగ్స్, వాయిస్ అండ్ వీడియో, ఇన్‌పుట్ డివైస్. ఇక్కడ "డిఫాల్ట్" వదిలేయకుండా ల్యాప్‌టాప్ సొంత మైక్‌ని పేరు చూసి ఎంచుకోండి.
2. గేమ్ లోపల వాయిస్ చాట్ సెట్టింగులోనూ అదే మైక్ పెట్టండి. ఈ రెండో మెట్టు ఎక్కేవాళ్లు తక్కువ, అందుకే డిస్కార్డ్ సరిచేసినా ఫలితం రాలేదంటారు.
3. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్‌గా కూడా అదే. కొత్తగా తెరిచే యాప్‌లు ఇక్కడినుంచే తీసుకుంటాయి.
4. అయినా మారుతూ ఉంటే హ్యాండ్స్‌ఫ్రీ దారినే మూసేయండి. విండోస్ 10లో కంట్రోల్ ప్యానెల్, డివైసెస్ అండ్ ప్రింటర్స్, హెడ్‌సెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సర్వీసెస్‌లో హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫోనీ టిక్ తీసేయాలి. విండోస్ 11లో డివైస్ మేనేజర్ తెరిచి, సౌండ్ పరికరాల జాబితాలో మీ హెడ్‌సెట్ పేరు పక్కన హ్యాండ్స్‌ఫ్రీ అని ఉన్నదాన్ని డిసేబుల్ చేయండి.

నాలుగోది చేశాక ఆ హెడ్‌సెట్ మైక్ కంప్యూటర్‌లో పనిచేయదు. "ఇప్పుడు మీటింగ్‌లో నా మాట వినపడట్లేదు" అని వారం తర్వాత రావద్దు, అదే కదా మనం ఆపింది. ల్యాప్‌టాప్ మైక్‌లో కీబోర్డ్ చప్పుడు ఎక్కువైతే కాలర్ మైక్ ఒకటి చాలు.

ఫోన్‌లో ఆడేవాళ్లకి ఈ వెసులుబాటు దాదాపు లేదు, మొబైల్ గేమ్‌లలో మైక్ ఎంచుకునే ఆప్షన్ సాధారణంగా ఉండదు. మైక్ ఆఫ్ చేసి తోటివాళ్ల మాటలు మాత్రం వినండి, లేదా వైరు ఇయర్‌ఫోన్ వాడండి. బడ్స్ మీద ఉండే "గేమ్ మోడ్" దీనికి మందు కాదు. అది ఆలస్యాన్ని తగ్గిస్తుంది, అంతే. ఎల్‌డాక్, ఆప్టెక్స్ లాంటి బ్లూటూత్ సౌండ్ ఫార్మాట్ల పేర్లూ అంతే. అవన్నీ మొదటి దారివి, మైక్ తెరవగానే పక్కకు తప్పుకుంటాయి.

ఎల్ఈ ఆడియో అనే కొత్త పద్ధతిలో మైక్ తెరిచినా స్టీరియో ఉంటుంది. కానీ హెడ్‌సెట్, కంప్యూటర్ బ్లూటూత్ చిప్, దాని డ్రైవర్, విండోస్ 11లో 24హెచ్2 లేదా ఆ పైన వెర్షన్, అన్నీ కలిసిరావాలి. డబ్బా మీద బ్లూటూత్ 5.3 అని ఉన్నంత మాత్రాన ఎల్ఈ ఆడియో ఉన్నట్టు కాదు.

ఇంకోమాట. చాలా గేమింగ్ హెడ్‌సెట్‌లకి బ్లూటూత్‌తో పాటు చిన్న యూఎస్‌బీ డాంగిల్ కూడా వస్తుంది. అది 2.4 గిగాహెర్ట్జ్ మీద సొంత పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి మైక్, స్టీరియో రెండూ ఒకేసారి ఉంటాయి. జనం తేలికని బ్లూటూత్‌లో జత చేసేస్తారు, డాంగిల్ మాత్రం డబ్బాలో థర్మకోల్ కింద పడుంటుంది. వెళ్లి తీయండి.

లక్షణం: వినపడుతుంది, మైక్ మాత్రం లేదు

కేబుల్ మీద మ్యూట్ స్విచ్ చూశారా? ఊడదీసే మైక్ అయితే టక్కుమనేదాకా లోపలికి నొక్కారా? సరే, ఇప్పుడు పిన్ను చూడండి. మూడు నల్ల గీతలుంటే అందులో మైక్ కూడా ఉన్నట్టు, రెండే ఉంటే సౌండ్ మాత్రమే. మూడు గీతల పిన్నుని డెస్క్‌టాప్ వెనక ఆకుపచ్చ సాకెట్‌లో పెడితే సౌండ్ వస్తుంది, మైక్ రాదు. మైక్ దారి పక్కనున్న గులాబీ సాకెట్‌లో ఉంది.

దీనికి స్ప్లిటర్ కావాలి. అడిగేటప్పుడు జాగ్రత్త: ఒక సాకెట్, రెండు పిన్నులు ఉన్నది కావాలి, పిన్నుల మీద హెడ్‌ఫోన్, మైక్ బొమ్మలుంటాయి. ఒక పిన్ను, రెండు సాకెట్లు ఉన్నది తరచుగా ఇద్దరు కలిసి పాటలు వినడానికి చేసింది. దుకాణంలో "స్ప్లిటర్" అంటే చేతిలో పెట్టేది అదే. రెండు పిన్నుల హెడ్‌సెట్‌ని ఒకే జాక్ ఉన్న ల్యాప్‌టాప్‌కి పెట్టాలంటే తిరగేసి, రెండు సాకెట్లు, మూడు గీతల పిన్ను ఒకటి ఉన్నది. అక్కడ కూడా సాకెట్ల మీద మైక్ బొమ్మ ఉందో లేదో చూసి తీసుకోండి.

ల్యాప్‌టాప్‌లో పిన్ను పెట్టగానే "ఏం పెట్టారు?" అని చిన్న కిటికీ వస్తే హెడ్‌ఫోన్ కాదు, హెడ్‌సెట్ అని చెప్పాలి. విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ అనుమతి ఆఫ్‌లో ఉన్నా ఇదే లక్షణం. అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లో ముందు జాక్ అసలే పలకకపోతే, క్యాబినెట్ నుంచి వచ్చే ఆడియో వైరు మదర్‌బోర్డ్‌కి పెట్టలేదన్నమాట. వెనక జాక్ వాడి చూస్తే తేలిపోతుంది.

టైప్‌-సి ఫోన్లలో వంద రూపాయల కన్వర్టర్ ఒక ఫోన్‌లో పనిచేసి ఇంకోదాంట్లో పనిచేయదు. లోపల డాక్ చిప్ (డిజిటల్ సౌండ్‌ని అనలాగ్‌గా మార్చేది) లేని కన్వర్టర్‌కి ఫోన్ తనంతట తానే అనలాగ్ సౌండ్ పంపాలి, చాలా ఫోన్లు పంపవు. డాక్ ఉన్నదని స్పష్టంగా రాసినదే కొనండి.

లక్షణం: ఎడమ కుడి తెలుస్తాయి, ముందు వెనక తెలీదు

కారణం, సరౌండ్ (సౌండ్ చుట్టూ నుంచి వస్తున్నట్టు చేసే ఏర్పాటు) మీద సరౌండ్. వాలరెంట్‌లో దిక్కు తెలిసేలా సౌండ్‌ని మార్చే హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆప్షన్ ఉంది, కౌంటర్ స్ట్రైక్ 2 తనే ఆ పని చేస్తుంది. దిక్కు తెలిసేలా గేమ్ ఒకసారి వండిన సౌండ్‌ని విండోస్ సోనిక్ (విండోస్ సొంత స్పేషియల్ సౌండ్) ఇంకోసారి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ "7.1" పేరుతో మరోసారి వండితే మిగిలేది గుహలో ప్రతిధ్వని. గేమ్‌లో ఆ ఏర్పాటు ఉంటే దాన్ని మాత్రం ఉంచి, విండోస్ స్పేషియల్ సౌండ్, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ రెండూ ఆఫ్ చేయండి. గేమ్‌లో లేకపోతే బయటివాటిలో ఒక్కటి. బేస్ బూస్ట్ కూడా తీసేయండి, బాంబుల మోతలో అడుగులు మునిగిపోతాయి.

లక్షణం: ఎవరైనా మాట్లాడితే గేమ్ సౌండ్ పడిపోతోంది

కంట్రోల్ ప్యానెల్ సౌండ్ కిటికీలో కమ్యూనికేషన్స్ ట్యాబ్. కాల్ వస్తే మిగతా సౌండ్ 80 శాతం తగ్గించాలని మొదటినుంచీ పెట్టి ఉంటుంది. "డూ నథింగ్" చేయండి. డిస్కార్డ్‌లో అటెన్యుయేషన్ అని ఇలాంటిదే ఉంది, దాన్ని సున్నాకి దించండి.

లక్షణం: గుయ్యిమని చప్పుడు, చిటపటలు

ల్యాప్‌టాప్ ఛార్జర్ తీయగానే గుయ్యి ఆగితే అది ఎర్త్ సమస్య. మూడు పిన్నుల ఛార్జర్‌ని ఎర్త్ సరిగా ఉన్న ప్లగ్‌లో నేరుగా పెట్టండి, మధ్యలో రెండు పిన్నుల అడాప్టర్ తగిలించవద్దు. డెస్క్‌టాప్‌లో గేమ్ నడిచినప్పుడే సన్నగా కీచుమంటే ముందు జాక్ వదిలి వెనక దానికి, లేదా చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకి మారండి. డాంగిల్ హెడ్‌సెట్ మధ్యమధ్యలో తెగిపోతుంటే డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3.0 పోర్టులో పెన్‌డ్రైవో హార్డ్‌డిస్కో ఉందేమో చూడండి. యూఎస్‌బీ 3.0 వదిలే రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పడుతుంది. అరమీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని టేబుల్ మీదికి తెస్తే సరి.

మిగతావి

టెస్ట్ వీడియో రెండుసార్లూ రెండు చెవులకీ ఒకటే సౌండ్ ఇస్తే యాక్సెసబిలిటీలో మోనో ఆడియో ఆన్ అయి ఉంది, ఫోన్‌లోనూ విండోస్‌లోనూ ఉంటుంది ఆ ఆప్షన్. ఒక చెవి అసలే రాకపోతే పిన్ను పూర్తిగా దిగలేదు, లేదా పిన్ను మొదట్లో వైరు తెగింది. వైరు కదిపినప్పుడు వచ్చిపోతుంటే తెగినట్టే. కళ్లజోడు పెట్టుకుంటే బేస్ పల్చబడటం ప్యాడ్ పక్కన సందు వల్ల. డ్రైవర్ చెడిపోవడం, విండోస్ అప్‌డేట్ కొంప ముంచడం జరుగుతాయి గానీ అరుదు, వాటిని చివరికి ఉంచండి.

నిజంగా కొనాల్సే వస్తే: వాయిస్ చాట్‌తో ఆడేవాళ్లకి వైరుది, లేదా 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌ది. ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి, కంట్రోలర్‌కి నేరుగా పెట్టేదైతే ఇంపెడెన్స్ (కరెంటుకి హెడ్‌సెట్ ఇచ్చే అడ్డు) 16 నుంచి 64 ఓమ్‌ల మధ్య. 250 ఓమ్‌ల స్టూడియో రకం ఆంప్లిఫయర్ లేకుండా గొంతెత్తదు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లని అసలు తీసుకోవు, కంట్రోలర్‌లో 3.5 ఎంఎం జాక్ ఉంది. "7.1" ముద్రకి అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు, దాదాపు అన్నిటిలోనూ లోపలున్నవి చెవికొకటి చొప్పున రెండు స్పీకర్లే. ఏసీ లేని గదిలో గంటలు గంటలు ఆడేవాళ్లు లెదరెట్ బదులు గుడ్డ ప్యాడ్లది చూసుకోండి, చెమట తక్కువ. బయటి ఫ్యాన్ చప్పుడు మాత్రం కాస్త ఎక్కువ వినపడుతుంది.